మిషిగన్ సరస్తీరమున ఒక హాలండు

మచిలీపట్టణమున వలందపాలెమను పేట నేటికిని కలదు. భీమునిపట్టణమున డచ్చి వర్తకుల సమాధులు ఉప్పుగాలికి వన్నె తరిగియు నిలిచియే యున్నవి. పదునేడవ శతాబ్ది తొలినాళ్లలో గోలకొండ సుల్తానుల యనుమతితో మన తీరమున దిగి, చీటీగుడ్డలను, అద్దకపు వస్త్రములను ఓడలకెత్తి, రెండు శతాబ్దములకు పైగా వ్యాపారము సాగించి, తుదకు 1825లో తమ స్థావరముల నాంగ్లేయుల కప్పగించి వెడలిపోయిన ఆ జాతిని మనము వర్తకులుగా, కోటలును ఫిరంగులును గలవారినిగా మాత్రమే యెరుగుదుము. ఆ జాతిలోనే చేత కాసులేని రైతులును కూలివారును, తమ పాదిరీల వెంట మహాసముద్రమును దాటి, మంచు గప్పిన కారడవిలో తమకు చేతకాని గొడ్డలిని చేతబట్టవలసి వచ్చిన కథ మనకంతగా పరిచయము లేనిది. ఆ కథను భద్రపరచిన మ్యూజియము అమెరికా సంయుక్తరాష్ట్రములలో, మిషిగన్ రాష్ట్రపు పడమటి యంచున, హాలండు అనుపేరు గల పట్టణమున నున్నది.

పట్టణము పెద్దది కాదు. జనసంఖ్య ముప్పదినాలుగు వేలకు కొంచెము పైమాట. మకటావా అను చిన్న సరస్సు యొద్ద వెలసిన ఈ యూరికి, ఆ సరస్సు ద్వారమున, సముద్రమువలె ఆవలియొడ్డు కానరాని మిషిగన్ మహాసరస్సుతో సంబంధము కలదు. ఊరినడుమ సెంటెన్నియల్ పార్కు అను చెట్ల తోట. దాని కెదురుగా 1914లో కట్టిన పాత పోస్టాఫీసు భవనము. ఒకప్పుడు స్వదేశమునుండి వచ్చు ఉత్తరములకై జనులు మెట్లెక్కిన ఆ భవనముననే 1992 నుండియు హాలండు మ్యూజియము నడుచుచున్నది. క్రింది యంతస్తున ఈ యూరి చరిత్రయు, మీది యంతస్తున నెదర్లాండ్సు దేశపు చిత్రములు, పింగాణి, గృహోపకరణములును ఉంచిరి. ఈ రెండంతస్తుల నడుమ నున్న దూరము మెట్లవరుస కన్న చాల యెక్కువైనది. ఈ మ్యూజియమును చూడబోవువారు గ్రహింపదగిన ముఖ్యవిషయ మదియే యని నా తలంపు. అందుకు మొదట క్రింది యంతస్తు కథ తెలియవలెను.

నెదర్లాండ్సులో పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ప్రొటెస్టెంటు సంఘము ప్రభుత్వపు పెత్తనములో నుండెను. పాదిరీలు పూర్వపు నిష్ఠను విడనాడి మెత్తని ధర్మబోధలతో కాలము వెళ్లబుచ్చుచున్నారని అసమ్మతి గలవారు కొందరు, 1834లో ఉల్రుమ్ అను చిన్నగ్రామపు పాదిరి హెండ్రిక్ డి కాక్ మార్గమును త్రొక్కి, రాజసంఘమును వీడి వేరుపడిరి. మొదటి విలియము రాజు ప్రభుత్వ మిది సహింపక, ఇరువదిమందికి మించి అనుమతిలేక గుమిగూడరాదనెడి నెపోలియను నాటి చట్టమును వెలికిదీసి, ప్రార్థనకు కూడినవారికి జుల్మానాలు వేసెను. వారి యిండ్లలో సిపాయిలను దింపి, ఆ సిపాయిల భోజనవ్యయము నింటివారిపైననే మోపెను. 1811లో పుట్టి, పాదిరి కుమారుడై, లైడెను విశ్వవిద్యాలయమున మతవిద్య నభ్యసించిన ఆల్బెర్టుస్ వాన్ రాల్టె యను యువకుడు ఈ వేరుపడినవారిలో నొకడు. జుల్మానాలును కారాగారమును రెండింటిని చవిచూచినవాడు.

అయితే 1840లో రాజు మారినపిదప ఆ బాధలు చాలవరకు తగ్గెను. వలస మాత్రము 1846లో గాని ఆరంభము కాలేదు. ఈ నడుమ జరిగిన దేమనగా, 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి, దుంపయే అన్నముగా బ్రతుకు పేదలకు కడుపు నిండని దినములు దాపురించినవి. పని లేదు, పన్నులు హెచ్చు, ధాన్యపు ధర ఆకాశమున. మతస్వాతంత్ర్యమునకై దేశము వీడిరనుట మనుమలు చెప్పుకొనుటకు గౌరవమైన కారణము; దుంపకుళ్లునకు వెఱచి వీడిరనుట అంతగా చెప్పుకొనదగినది కాదు. రెండును నిజములే. మొదట వాన్ రాల్టెయు, ఆయన తోడల్లుడైన పాదిరి బ్రుమెల్కాంపును, తమవారిని డచ్చి యేలుబడిలోనున్న జావా ద్వీపమునకు పంపవచ్చునా యని యాలోచించిరట. అక్కడ తమ యిచ్ఛవచ్చిన రీతిని ఆరాధన చేసికొను స్వేచ్ఛకు ప్రభుత్వము హామీ నీయలేదు. ఆ యొక్క మాట ఇచ్చియుండినచో ఈ కథ మిషిగనులో గాక మన తూర్పు సముద్రములలో జరిగియుండెడిది.

1846 నవంబరు 17వ తేదీన 'సదరనర్' అను ఓడ సుమారు నూరుగురితో వాన్ రాల్టెను న్యూయార్కు చేర్చెను. వారి గమ్యము విస్కాన్సిన్. కాని చలికాలము ముందుగా వచ్చి జలమార్గములు గడ్డకట్టుటచే డిట్రాయిటున నిలిచిపోయిరి. అక్కడి పెద్దలు కొందరు మిషిగనులోనే పడమటిదిక్కున భూమి చూడుమని ప్రోత్సహింపగా, వాన్ రాల్టె మంచులో నడచి యాప్రాంతమును పరిశీలించి, సరస్సు, నది, అడవి మూడును దగ్గరగా నున్న యీ చోటు నెన్నుకొనెను. 1847 ఫిబ్రవరి 9వ తేదీని ఊరివారు స్థాపనదినముగా లెక్కింతురు. అదే యేట హెండ్రిక్ స్కోల్టె అను మరియొక పాదిరి ఎనిమిదివందలమందితో అయోవా మైదానమున పెల్లా పట్టణము నెలకొల్పెను. స్కోల్టె చెట్లులేని నేలను కోరుకొనగా వాన్ రాల్టె అడవిని కోరుకొనెను. కలప యమ్ముకొనవచ్చును, పేదవానికి అడవిలో పని దొరకునని ఆయన యూహ. ఊహ మంచిదే, కాని డచ్చివారు పుట్టి పెరిగినది గట్టులును కాలువలును గల బయలునేలలయందు, వారిలో పెక్కురికి చెట్టు నే దిక్కునకు కూల్చవలెనో తెలియదు.

ఆ తొలియేటి వేసవి ఘోరమైనది. చిత్తడినేలల దోమలవలన మలేరియా, క్రిక్కిరిసిన గుడిసెలవలన మశూచి, కలుషజలమువలన రక్తగ్రహణి, ఒకటి తరువాత నొకటి వచ్చి చాలమందిని పొట్టనబెట్టుకొనినవి. తల్లిదండ్రులు పోయిన బిడ్డలకై ఊరివారొక అనాథశాలను కట్టనారంభించిరి గాని, కప్పు పడునాటికే బిడ్డలందరు ఇరుగుపొరుగిండ్లలో చేరిపోవుటచే ఆ గృహమున కనాథులే కరవైరి. ఆ పిమ్మట దానిని బడి మున్నగు నితరకార్యములకు వాడుకొనిరి. ఆ సంవత్సరము నవంబరులోనే వలసవారితో విస్కాన్సినుకు పోవుచున్న ఫీనిక్సు అను స్టీమరు మిషిగన్ సరస్సుపై, రేవు కంటికగపడు దూరమున, నిప్పంటుకొని కాలిపోగా సుమారు రెండువందల మంది, అధికులు డచ్చివారు, మరణించిరి. ఈ వార్త తెలిసిన పిమ్మటను స్వదేశమునుండి జనులు వచ్చుట మానలేదు. వచ్చినవారు తమ తమ జిల్లాల పేర్లతో చుట్టును పల్లెలు కట్టుకొనిరి: జీలండు, ఓవరైసెల్, డ్రెంత్, వ్రీస్‌లాండు. జీలండు వాని యాస డ్రెంతువానికి తెలియదు. ఆదివారమున గుడిలో పాదిరి మాటలాడు గ్రంథభాష మాత్రమే యందరికి సమానము.

సరస్సునకును మహాసరస్సునకును నడుమ ఇసుక మేటవేసి పూడిపోయిన మార్గమును త్రవ్వింపుడని వారు ప్రభుత్వమునకు మొరపెట్టి పెట్టి విసిగి, తుదకు తామే పారలు పట్టి త్రవ్వుకొనిరి. నీటిని మళ్లించుట వారికి తాతలనాటి విద్య. అడవి వారి నోడించినను నీరు మాత్రము వారి మాట వినెను. 1851లో బడి యొకటి పెట్టిరి. అదియే పెరిగి 1866లో హోపు కళాశాలగా శాసనబద్ధమై నేటికిని వర్ధిల్లుచున్నది. వాన్ రాల్టె ఆ బడిని తన ఆశకు లంగరుగా భావించెను గనుక కళాశాల ముద్రపై లంగరు చిహ్నము నిలిచినది. 1856లో కట్టిన గుడికి ముందు గ్రీకు ఆలయముల తీరున స్తంభములు వరుస దీరియుండుటచే దానిని పిల్లర్ చర్చి యందురు. ఊరిలో దొరకిన కలపతో గ్రీకుల రాతికట్టడము ననుకరించిన ఆ గుడి యెదుట నిలిచినప్పుడు, గుడిసెలనుండి తొమ్మిదేండ్లలో నింతవరకు వచ్చిన జనుల పట్టుదలకు ఆశ్చర్యము కలుగక మానదు. ఆ పట్టుదల తమలోతాము కలహించుకొనుటకును తక్కువైనది కాదు: 1850లో అమెరికాలోని పాత డచ్చి సంఘమైన రిఫార్ముడు చర్చిలో చేరిరి; 1857లో కొందరు దానినుండి విడిపోయిరి; 1880 ప్రాంతమున మేసనుల రహస్యసమాజములో సభ్యత్వముగలవాడు గుడిలో నుండవచ్చునా యను తగవుతో వాన్ రాల్టె కట్టించిన గుడియే విడిపోయినవారి చేతికి వచ్చెను. ఆయన 1876లోనే గతించుటచే నది చూడలేదు.

ఈ రిఫార్ముడు చర్చివలననే మన రాయలసీమకును ఈ కథకును ఒక చుట్టరికము కలదు. స్కడ్డరు సోదరులు 1853లో నెలకొల్పిన ఆర్కాటు మిషను ఆ సంఘమునకు చెందినదే. 1863లో మదనపల్లెలో మిషను స్థానము నెలకొల్పి, తెనుగు నేర్చి, తెనుగు బైబిలు సంస్కరణమున పాలుపంచుకొనిన జేకబ్ చేంబర్లెన్ ఆ మిషనువాడే. హాలండు పట్టణపు గుడులలో నాదివారము పళ్లెమున పడిన చందాలలో నేదో యొక భాగము మదనపల్లె మార్గము పట్టియుండునని యూహించుటకు పెద్ద సాహసము అక్కరలేదు.

1871 అక్టోబరు 8వ తేదీ రాత్రి, చికాగో తగులబడిన రాత్రియే, గాలివానవంటి పడమటిగాలి అడవిమంటల నూరిమీదికి తరుమగా హాలండు పట్టణములో నధికభాగము కొన్ని గంటలలో భస్మమైపోయెను. ఒక ముదుసలి వితంతువు తప్ప ప్రాణనష్టము కలుగలేదు. పిల్లర్ చర్చియు కళాశాలయు మిగిలినవి. మ్యూజియమువారి యధీనముననే నున్న రెండు గృహములు ఈ యగ్ని కిరువైపుల నిలిచిన సాక్షులు. ఒకటి కాపన్ గారి యిల్లు: తోళ్లు పదును చేయు కర్మాగారమునకు యజమానియై, 1867లో పట్టణమునకు మొదటి మేయరైన ఐజక్ కాపన్, అగ్ని తన సర్వస్వమును దహించిన మూడేండ్లకే కట్టుకొనిన మేడ; చెక్కడపు పనులు, రంగురంగుల గోడకాగితములు, మేలిమి సామగ్రి. ఇంకొకటి సమీపముననే నున్న సెట్లర్సు హౌసు: 1867 నాటిది, అగ్నికి తప్పించుకొనిన చిన్నయిల్లు. ఈ రెండవదానిని కట్టుకొనినవాడు డచ్చివాడు కాడు. ఐరిషు సంతతివాడైన ఓడల వడ్రంగి. డచ్చి పట్టణమున అగ్నికి మిగిలిన పేదయిల్లు డచ్చివానిది కాకపోవుట చరిత్ర చేసిన చిన్న పరిహాసము. మ్యూజియమువారు దానిని దాచక చెప్పుట వారి పెద్దరికము.

ఇప్పుడు మీదియంతస్తు. ఇచ్చట పదునేడవ శతాబ్ది మొదలు పందొమ్మిదవ శతాబ్ది వరకు డచ్చి చిత్రకారులు లిఖించిన చిత్రములు, డెల్ఫ్టు పట్టణపు నీలిచిత్రముల పింగాణి, వెండిసామానులు, చెక్కిన బీరువాలు నున్నవి. డెల్ఫ్టు పింగాణి పుట్టుక యెరిగినవారు దానిని చూచి నవ్వుకొందురు: డచ్చి ఈస్టిండియా కంపెనీ యోడలు చైనానుండి తెచ్చిన నీలితెలుపు పాత్రలపై మోజుపడి, ఆ మన్నును, ఆ కొలిమివేడిని సాధింపలేక, తమ మట్టిపాత్రలకు తగరపు పూత పూసి, దానిపై నీలపు రేఖలు వ్రాసి, చైనావారి మేడలను, పిదప తమ గాలిమరలను చిత్రించుకొనిరి, ఆ యనుకరణమే నేడు లోకమున హాలండు దేశపు ముఖచిహ్నము. మన వస్త్రముల కథయు నిట్టిదే. ఫ్రీస్‌లాండు తీరమున హిండెలోపెన్ అను నావికుల యూరిలో స్త్రీలు కోరమండల తీరపు చీటీగుడ్డతో కుట్టించుకొనిన పొడవాటి అంగీలు ఆ యూరి సాంప్రదాయవేషమైపోయినవి. మచిలీబందరు చుట్టుపట్ల అద్దకపువాడు కలముతో వ్రాసిన పువ్వు అక్కడి 'సనాతనాచార'మైనది.

కాని యీ మీదియంతస్తు వైభవముతో, గుడిసెలలో మలేరియాతో వణకిన క్రిందియంతస్తు జనులకు సంబంధమెంత? వలసవచ్చిన కూలివాని పెట్టెలో చిత్రకారుల చిత్రములు లేవు. పెద్దబైబిలు, కొన్ని బట్టలు, పనిముట్లు నుండెను. ఈ మీదియంతస్తు వస్తువులు పెండ్లిపందిట అరువు నగలవంటివి. 1937లో విల్లర్డ్ విచర్సు మున్నగువారు 'నెదర్లాండ్సు మ్యూజియము' అను పేరున దీనిని స్థాపించునాటికి తొలివలస జరిగి తొంబదియేండ్లైనది. ఆ వలసవారి మనుమలు ధనవంతులైరి, ఆంగ్లము మాటలాడుచుండిరి. 1939 న్యూయార్కు ప్రపంచప్రదర్శనమునకై నెదర్లాండ్సు ప్రభుత్వము పంపిన వస్తువులలో కొన్ని, మరుసటియేట హిట్లరు సేనలు ఆ దేశము నాక్రమించుటచే తిరిగిపోవు దారిలేక, ఈ మ్యూజియము చేరినవి. తాతలు తేనిదానిని యుద్ధము తెచ్చిపెట్టెను. నేనీ మాట నెత్తిపొడుపుగా ననుటలేదు. పేదవాడు వదలివచ్చిన దేశపు సౌందర్యమును, తానక్కడ నున్నప్పుడు కంట చూడ నోచుకొననిదానిని, మనుమడు తన గోడకు తగిలించుకొనుట తప్పేమి? కాని దానిని 'మా తాతగారి యిల్లు' అని చెప్పిన మాత్రము ఒప్పుకొనరాదు.

ఊరిలోని ట్యూలిపు పుష్పోత్సవ మీ విషయమును మరింత వినోదముగా చూపును. 1927లో లైడా రోజర్సు అను ఉన్నతపాఠశాల జీవశాస్త్రోపాధ్యాయిని, ఊరు డచ్చివారిది గనుక వీథుల ట్యూలిపులు నాటిన బాగుండునని స్త్రీల సభలో సూచించెను. మరుసటియేట పురపాలకసంఘము లక్ష దుంపలు కొని నాటించెను. 1929 మే నెలలో పూచెను. చూడవచ్చిన జనులు తండోపతండములు. అప్పటినుండి ఏటేట ఉత్సవము. ఊరేగింపునకు ముందు ఊరిపెద్దలు వీథిని పరీక్షించి 'మురికిగా నున్న'దని గంభీరముగా ప్రకటింతురు. అంతట డచ్చి వేషములలో పురుషులు కావడులతో నీళ్లు చల్లగా స్త్రీలును పిల్లలును చీపుళ్లతో వీథిని కడుగుదురు. చెక్కజోళ్లు తొడిగి వందలకొలది బాలికలు టకటకమని నాట్యమాడుదురు; ఆ జోళ్లలో కాలు నొవ్వకుండుటకై పలుజతల మేజోళ్లు వేసికొందురట. వాన్ రాల్టె కాలపు పెద్దలు నాట్యమును పేకాటతోను నాటకముతోను చేర్చి పాపముల పట్టికలో వ్రాసినవారు. ఆ పెద్దల జ్ఞాపకార్థమే వారి మనుమరాండ్రు వీథిలో నృత్యము చేయుదురు! మ్యూజియముననుండి బయటికి వచ్చి ఆ నాట్యమును చూచినవారికి, వారసత్వ మనునది తాత లిచ్చినదెంతయో మనుమలు కట్టినదియు నంతయేయని వేరుగ చెప్పనక్కరలేదు.

ఊరి యంచున నున్న 'డి జ్వాన్' అను గాలిమర మాత్రము నిజముగా నెదర్లాండ్సునుండి వచ్చినదే. బ్రాబంటు ప్రాంతపు వింకెలు గ్రామమున యుద్ధకాలమున దెబ్బతిని నిలిచిన దానిని 1964లో కొని, విప్పి, ఓడనెక్కించి తెచ్చి మరల నిలబెట్టిరి. విచర్సుగారే బేరసారములు నడిపిరి. ప్రాచీనమైన గాలిమరలు దేశము దాటిపోరాదను నియమము నప్పటికే ఆ ప్రభుత్వము పాటించుచుండెను గాన, ఇది యనుమతి పొందిన చివరిదని చెప్పుదురు. 1965 వసంతమున బెర్నార్డు రాజకుమారుడు వచ్చి తెరచెను. నేటికిని గోధుమలు విసరుచున్నది. ఆ పిండి దుకాణమున దొరకును.

క్రిందియంతస్తునకు మరల రాక తప్పదు. డచ్చివారికన్న ముందున్నవారి కథ అక్కడ నున్నది. ఈ సరస్తీరము ఒడావా జాతివారిది. వారి నాయకుడు వాకజూ ఆహ్వానమున జార్జి స్మిత్ అను మిషనరీ 1838–39లో ఓల్డు వింగు మిషనును నెలకొల్పి యుండెను. డచ్చివారు మంచులో వచ్చినప్పుడు తలదాచుకొన చోటిచ్చినవారిలో ఆ స్మిత్తును, ఒడావాలకు వ్యవసాయము నేర్ప నియుక్తుడైన ఫేర్‌బాంక్సును ఉండిరి. మేపిలు చెట్ల తీపిరసము పట్టుటకు ఒడావాలు అడవిలో నుంచిపోయిన దోనెలను, యజమానులు లేని వస్తువులని తలచి వలసవారు తీసికొనిపోవుట; వీరి పశువులు వారి చేలలో పడుట; మశూచి వ్యాపించుట; ఇట్టి తగవులు రెండేండ్లు సాగిన పిదప 1849లో ఒడావాలు తమ మిషనరీతోకూడ ఉత్తరమున లీలనా ద్వీపకల్పమునకు తరలిపోయిరి. దేశము వీడివచ్చినవారి మూలమున మరికొందరు చోటు వీడవలసి వచ్చెను. ఈ కథ పూర్వము మ్యూజియములలో ఒక మూలనుండెడిది. ఇప్పుడు మొదటిగదికి వచ్చుచున్నది.

మరియొక కథ యింకను పూర్తికాలేదు. 1897లో హైంజు కంపెనీవారు ఇచ్చట ఊరగాయల కర్మాగారము పెట్టిరి. దోసకాయల పొలములకును, చక్కెరదుంపల పొలములకును టెక్సాసునుండియు మెక్సికోనుండియు పనివారు వచ్చి, ఋతువు ముగిసినపిదప కొందరిక్కడనే నిలిచిరి. నేడు పట్టణజనులలో సుమారు నాలుగింట నొకవంతు లాటిను అమెరికా మూలములు గలవారు. మ్యూజియము వారి ఛాయాచిత్రములను, స్మృతులను సేకరించుట ఆరంభించినది. వారి మనుమలు మీదియంతస్తున నే వస్తువు లుంచుదురో కాలమే చెప్పవలెను.

డిట్రాయిటు పరిసరములందు, నోవై, ట్రాయ్, కాంటన్ మొదలగు పేటలలో తెలుగు కుటుంబములు వేలకొలది యున్నవి. అక్కడినుండి హాలండు మోటారుకారులో మూడుగంటల ప్రయాణము. మే నెలలో పిల్లలతో ట్యూలిపులు చూడబోవువారు తోటయు గాలిమరయు చూచి, బాదంపప్పు కూరిన బాంకెట్ అను మిఠాయి పొట్లము కొనుక్కొని తిరుగుముఖము పట్టుట వాడుక. ఉత్సవదినములలో మ్యూజియమున జనము హెచ్చు; శరత్కాలమున పోయినచో తీరికగా చూడవచ్చును. చూచు క్రమమును గూర్చి నా సలహా యొక్కటి: ముందుగా సెట్లర్సు హౌసును, తరువాత కాపన్ మేడను, పిమ్మట పోస్టాఫీసు భవనపు క్రిందియంతస్తును చూచి, చివరకు పైకెక్కవలెను.